లోపటి జ్వరం

“పాలోళ్ళ ఇంట్ల తోడుకు ఇంత పెరుగు లేదంటే ఎవడన్న నమ్ముతడా?”

బుచ్చమ్మ ఖాళీ గిన్నెను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అడుగున చెంచాతో గీకిన గీతలు కూడా కనిపిస్తున్నాయి.

యశోద పొయ్యి మీది నుంచి చూపు తిప్పలేదు. “రాత్రి రాజమణికిచ్చిన అత్తమ్మా. బిడ్డ షారోన్‌కు పెరుగన్నం పెడుతనన్నది.”

“ఇయ్యి. నేనొద్దన్ననా? బస్తీ అందరికి పోసేటోళ్ళం, పక్కింటోళ్ళకు ఇయ్యమా? గని గిన్నె ఊడ్చి ఇస్తరా ఎవరన్న? తోడు మందం ఉంచుకోవాలె. అది పెరుగు గాదు, విత్తనం. విత్తనం అమ్ముకుంటరా, పంచుకుంటరా?”

“మరిచిపోయిన.”

“బడిల పిల్లలు ఎక్కం మరిచిపోతే ఊకుంటవా నువ్వు?”

మామ బాలనర్సింహ పాలబకెట్టు గడప లోపల దించి, నడుము మీద చేయి వేసుకుని నిలబడ్డాడు. “పొద్దుగాల్నే ఏంది లొల్లి?”

“నీ ఇంట్ల తోడు లేదట. పొయ్యి దుకాణంల పాకెట్ పెరుగు కొనుక్కరా పో.”

“నేనా? పాకెట్ పెరుగా?” ఆయన నిజంగానే అదిరిపోయాడు. “ఎవడన్న చూస్తే నా బర్రెలు సుత నవ్వుతయి.”

పళ్ళు తోముకుంటున్న యశోద మొగుడు నందు నురగ నోటితోనే నవ్వాడు. బుచ్చమ్మ కూడా నవ్వాపుకోలేక గిన్నెను తొట్టిలో పడేసింది. ఆదివారం పూట ఆ ఇంట్లో జగడాలు ఇట్లాగే మొదలై ఇట్లాగే ఆరిపోతాయి. యశోద ఒక్కతే నవ్వలేదు. గిన్నె ఊడ్చి ఇచ్చింది మరపుతో కాదని ఆమెకు తెలుసు. రాజమణి గడపలో నిలబడి “జర పెరుగుంటే ఇస్తవా టీచరమ్మా” అని అడిగినప్పుడు, ఇంట్లో ఉన్నదంతా ఎత్తి ఇచ్చేయాలనిపించింది. పెరుగు ఒక్కటే చేతికందింది.

“పాపం, గా పోరికి ఏం గాలి సోకిందో ఏమో,” అంటూ బుచ్చమ్మ ఉల్లిగడ్డలు ముందరేసుకుని కూర్చుంది. “డాక్టర్ గోళీలు మింగి మింగి నోరంత చేదయిందట. అయినా తగ్గుతలేదు. థర్మామీటర్ల సుత రాదట గా జ్వరం. లోపటి జ్వరం అన్నడట.”

యశోద పప్పులో గరిటె తిప్పుతూనే ఉంది.

“గందుకే ఇయ్యాల ఇద్దర్ని మన ఇంట్ల తిననీకి రమ్మన్న. మొగుడు ఎల్లేష్ లారీ మీద పోయిండు, ఒక్కతే ఏం అవస్థ పడుతది? రేపు పెద్ద దవాఖానకు తోలుకపోతదట. రక్తం తీస్తరట పోరిది.”

గరిటె ఆగింది.

“ఏమైందే? పప్పు అడుగంటుతది, తిప్పు.”

యశోద తిప్పింది.

* * *

ఫోన్ మోగినప్పుడు ఆమె మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నది. హెడ్మాస్టర్ అమరనాథ్. ఆదివారం ఆయన ఫోన్ చేశాడంటే ఎందుకో ఎత్తకముందే తెలుసు.

“మేడమ్, రేపటి పరీక్షకు అంత సెట్ అయినట్టేనా?”

“హాల్ కడిగిపిచ్చినం సార్. నంబర్లు సుత అంటిచ్చినం.”

“అది గాదు మేడమ్.” అటువైపు తలుపు మూసిన చప్పుడైంది. “మీ నాలుగో తరగతి సంగతి. ఆ ముగ్గురు.”

యశోద తడి చీర అంచు పిండింది. నీళ్ళు కాలి మీద పడ్డాయి.

“పోయినసారి మీటింగ్‌ల మార్కులు తక్కువని మన బడి పేరు ఎర్ర రంగుల చూపిచ్చిండ్రు. నన్ను లేపి నిలబెట్టిండ్రు మేడమ్, ఆ ఆఫీసర్ పిలగాడు నా కొడుకు వయసుంటడు. గిట్లనే ఉంటే బడిని వేరే బడిల కలుపుతమన్నడు. కలిపితే మన పిల్లలు గా మెయిన్ రోడ్డు దాటి పోతరా? ఆడపిల్లలను పంపుతరా ఇంట్లోళ్ళు?”

“తెలుసు సార్.”

“నేను రావద్దని చెప్పమన్ననా? అన్లే. ఒంట్ల బాగలేనోళ్ళు రాకుంటే మనమేం చేస్తమన్న. గంతే గద?”

“గంతే సార్.”

ఫోన్ పెట్టేశాక కూడా ఆమె దాన్ని చెవికే ఆనించుకుని నిలబడింది. ఆయన నోటితో ఎన్నడూ రావద్దనలేదు. తనూ అనలేదు. శనివారం ఇంటిగంట కొట్టే ముందు షారోన్‌ను బల్ల దగ్గరికి పిలిచి, నుదుటి మీద చేయి పెట్టి, “ఒళ్ళు వెచ్చగున్నట్టుందే, సోమవారం ఇంటికాడనే ఉండు, అమ్మకు చెప్పు” అన్నది. అంతే. మొదటిసారీ అట్లాగే, రెండోసారీ అట్లాగే. వెచ్చగా ఉంది అని ఎప్పుడూ అనలేదు. ఉన్నట్టుంది అన్నది. ఆ ఒక్క మాట చాటున ఇన్ని రోజులూ నిద్రపోయింది.

మిగిలిన ఇద్దరి తల్లులూ పిల్లలు ఇంట్లో ఉంటే ఇంత పనికొస్తారని సంతోషించారు. రాజమణి మాత్రం నమ్మింది.

షారోన్ మొద్దు పిల్ల కాదు. బడి తెరిచినప్పుడు అక్షరాలు మాత్రమే తెలిసి వచ్చింది. అన్నం గంట అయ్యాక యశోద తన పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాలు పలికించేది. బోనాల పండుగ వచ్చేసరికి రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు దారిన పోతూ గోడల మీద చదవడం మొదలుపెట్టింది. “పండుగ సెలవు అయినంక ఒత్తులు మొదలు పెడదాం” అని చెప్పింది యశోద.

సెలవు అయ్యాక పిల్లలకు ఏమొచ్చో చూసే పరీక్ష వచ్చింది. అది దిద్ది, మార్కులు ఫోన్‌లో ఎక్కించేసరికి నెల పరీక్ష. నెల పరీక్షకు ముందు నమూనా పరీక్ష, దానికి ముందు గుండ్రాలు నల్లగా నింపడం ఎట్లాగో నేర్పే తరగతి. గుండ్రం దాటి గీత పోకూడదు, ఖాళీ వదలకూడదు, తెలియకపోతే మూడోది నింపు. ఆ పిల్లలకు ఈ ఏడాది ఆమె గట్టిగా నేర్పింది ఏదైనా ఉంటే అదే. చాటలో చెరిగిన బియ్యమే మళ్ళీ మళ్ళీ చెరగడం తప్ప ఎసట్లో పోసింది లేదు.

“ఒత్తులు రేపు” అని ఎన్నిసార్లు అన్నదో. ప్రతి రేపటికీ ఒక పరీక్ష అడ్డొచ్చింది.

* * *

కొట్టంలో నందు బర్రెల మీద పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. యశోద చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు మీద నిలబడి అంతా చెప్పింది. నీళ్ళ చప్పుడు ఉండబట్టే చెప్పగలిగింది.

ఆయన పైపు ఆపలేదు. మొహం మాత్రం మారింది.

“అంటే, గా పోరికి జ్వరమే లేదా?”

“లేదు.”

“మరి గోళీలు మింగుతుంది గద!”

“మింగుతుంది.”

నందు పైపును బర్రె వీపు మీదికి తిప్పాడు. “నువ్వు చెప్పినవని మింగుతుంది.”

ఆ మాట ఆయన తప్పు పడుతూ అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

“రాజమణికి చెప్పేస్త,” అన్నది యశోద.

“ఆగు, ఆగు. ఏమని చెప్తవు? నీ బిడ్డకు సదువు వస్తలేదు, బడి పరువు పోతదని ఇంట్ల కూసోవెట్టిన అంటవా? నల్లా కాడ ఒక్కతి నోట్ల పడితే బస్తీ మొత్తం తెలుస్తది. అమ్మ ఈ బస్తీల పాలు పోసుకుంట నలబై ఏండ్లు మాట నిలబెట్టుకున్నది. టీచర్ కోడలు అని దినాం నలుగురికి చెప్పుకుంటది.”

“తెలుసు.”

“రేపు ఎట్లనన్న దవాఖానకే పోతది. పరీక్షకు రాదు. రక్తంల ఏం లేదని వాళ్ళే చెప్తరు. పంచాయితీ ఒడిసినట్టే గద!” నందు పైపు కింద పడేశాడు. “ఒక్క సూదికి ఏమైతది యశోదా?”

యశోద ఆయన మొహంలోకే చూసింది. పైపు నీళ్ళు ఇద్దరి కాళ్ళ మధ్య నుంచి కాలువలోకి పోతున్నాయి.

“గట్ల చూడకు. నీ కోసమే అన్న.”

“నాకు గూడ పొద్దుటి సంది గదే ఆలోచన వస్తుంది,” అన్నదామె. “ఒక్క సూదే గద అని. నువ్వన్నంక తెలిసింది ఎట్ల ఉన్నదో గా మాట.”

* * *

చర్చి నుంచి వస్తూనే షారోన్ పరుగెత్తుకొచ్చింది. తెల్ల గౌను, జడలకు ఎర్ర రిబ్బన్లు. వెనక రాజమణి నింపాదిగా వచ్చి, బుచ్చమ్మ దగ్గర ఉల్లిగడ్డల చాట అందుకుని తరగడం మొదలుపెట్టింది.

షారోన్ మాత్రం వసారాలో దాణా బస్తా దగ్గర ఆగింది. వేలుతో ఒక్కొక్క అక్షరం పట్టుకుంటూ పైకి చదివింది.

“ప… తి… గిం… జల… చె… క.”

కొత్తిమీర వలుస్తున్న యశోద చేతులు నెమ్మదించాయి.

“చెక అంటే ఏంది టీచర్?”

“చెక్క. పత్తిగింజల చెక్క. బర్రెలకు పెడతరు.”

“కింద ఉన్న చిన్న అక్షరాన్ని విడిచిపెట్టినగద, అందుకే!” నుదురు కొట్టుకుని నవ్వింది షారోన్. “నాకు అవి రావు. మీరు ఒత్తులు చెప్తనన్నరు. ఎప్పుడు చెప్తరు?”

“చెప్త బిడ్డా.”

“రేపా?”

యశోద కొత్తిమీర కాడలు ఏరి పక్కన పెట్టింది. ఏరినవే మళ్ళీ ఏరింది.

షారోన్ దగ్గరికి జరిగి, తల్లికి వినబడకుండా గొంతు తగ్గించింది. “టీచర్, రేపు పరీక్ష గద. నాకు రేపు సుత జ్వరమొస్తదా?”

“ఎందుకట్ల అడుగుతున్నవు?”

“పరీక్షకు ముంగట మీరు చూసి చెప్తరు గద. నాకేమో తెలుస్తలేదు. మంచిగనే ఉంటది నాకు. రాత్రి పండుకున్నంక చూసుకుంటున్న, గిట్ల.” ఆ పిల్ల అరచేయి తన నుదుటి మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. “నాకు చూసుడు రాదు టీచర్. మీకొస్తది.”

వంటింట్లోంచి కోడికూర వాసన వసారా దాకా వచ్చింది. షారోన్ కళ్ళు తెరిచి అటు చూసింది. “నాకు కూర వద్దన్నడు డాక్టర్. కారం తింటే లోపటి జ్వరం ఎక్కువయితదట.”

* * *

భోజనానికి అందరూ చాప మీద కూర్చున్నారు. బాలనర్సింహ గోడకు ఆనుకుని, ఆయన పక్కన నందు, ఎదురుగా రాజమణి, షారోన్. బుచ్చమ్మ కూర వడ్డిస్తూ షారోన్ దగ్గరికి వచ్చేసరికి గరిటె వెనక్కి తీసుకుని పప్పు వేసింది. ఆ పిల్ల అలవాటైనట్టు కంచం ముందుకు జరిపి పప్పుకు పట్టింది.

యశోద అందరికన్నా చివర కూర్చుంది. అన్నం కలిపింది గానీ ముద్ద ఎత్తలేదు.

“ఎన్ని గంటలకు పోతవే రేపు?” అడిగింది బుచ్చమ్మ.

“తెల్లారంగనే పోవాలె పెద్దమ్మా. లైను మస్తుంటదట. ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి గోదాం సేటుకు చెప్పిన, రేపు రానని.” రాజమణి కంచం వైపే చూస్తూ అన్నది. “ఇంకోటి సుత అనుకున్న. మీరు పెద్దోళ్ళు, మీ ముంగటనే చెప్తున్న. ఎల్లుండి సంది దీన్ని బడి బంద్ చేపిస్తున్న.”

నందు తల ఎత్తి భార్యను చూశాడు.

“బంద్ చేపిచ్చి?” అన్నాడు బాలనర్సింహ.

“నాతోని గోదాంకు తోలుకపోత. నీడ పట్టున కూసుంటది, చేతనైతే నాతోని నాలుగు మిరపకాయల తొడిమెలు తీస్తది. నా కండ్ల ముంగట ఉంటది గద! బడికి పోతే ఎప్పుడు జ్వరమొస్తుందో, ఎప్పుడు పడిపోతుందో అని నాకు పని మీద మనసు ఉంటలేదు.”

“మంచిగ చేసినవు,” అన్నాడాయన. “బతికుంటే బలుసాకు తినొచ్చు. సదువు ఎక్కడికి పోతది?”

“మరి టీచరమ్మ ఏమంటదో,” అంది రాజమణి. “టీచరమ్మ చూడకపోతే నాకు ఎన్నటికి తెల్వకపోవు.” ఎడమ చేయి తిప్పి అరచేయి చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా పొరలు లేచి ఉంది. “దినమంత మిరపకాయలల్ల ఉంటయి, మాపుకు నిప్పు లెక్క మండుతయి. దీని నెత్తి మీద చేయి పెడితే దాని ఒళ్ళు కాలుతుందో, నా చేయి కాలుతుందో నాకు తెల్వది. మూడుసార్లు నువ్వు చూసి చెప్పినవు టీచరమ్మా. నా చేయికి బదులు నీ చేయి పనిచేసింది.”

నందు తల అడ్డంగా చాలా కొద్దిగా ఊపాడు. చెప్పకు అని. లేకపోతే ఇప్పుడు కాదని.

యశోద కంచాన్ని పక్కకు జరిపింది.

“బడి బంద్ చేపియ్యకు రాజమణీ.”

“నీకేం టీచరమ్మా, పిల్ల పాణం…”

“షారోన్‌కు జ్వరం లేదు.”

బుచ్చమ్మ గరిటె కూరగిన్నె అంచు మీద ఆగింది.

“ఇప్పుడు లేదు, ఎన్నడూ లేకుండె,” అన్నది యశోద. గొంతు తనదిలా లేదు, తరగతిలో వెనక బల్ల దాకా వినబడాలని మాట్లాడినట్టు గట్టిగా వచ్చింది. “పరీక్షల ఆమెకు మార్కులు రావని, బడికి చెడ్డపేరొస్తదని నేను ఇంటికాడ ఉండుమన్న. ఆమెకు సదువు రాక గాదు. నేను చెప్పలేదు. పరీక్షలు పెట్టుకుంట పెట్టుకుంట చెప్పే తీరిక నాకు దొరకలే. దొరకనిది నాకు, ఇంట్ల కూసున్నది నీ బిడ్డ.”

వాకిట్లో బర్రె ఒకటి గొలుసు లాగిన చప్పుడైంది.

“రేపు దవాఖానకు పోవద్దు. షారోన్ రేపు పరీక్ష రాస్తది. నేను రావద్దన్న ముగ్గురూ రాస్తరు. నేనే ఇంటింటికి పొయ్యి తోలుకపోత. ఎన్ని మార్కులొస్తే గన్ని. బడి పేరు ఏ రంగుల పడితే గా రంగుల పడనియ్యి. మాపు సార్‌కు ఫోన్ చేసి చెప్త. ఎల్లుండి సంది పొద్దుగాల ఎన్ని కాగితాలొచ్చినా, నేను ముందుగాల ఒత్తులే చెప్త.”

“యశోదా,” అన్నది బుచ్చమ్మ. బస్తీలో తలెత్తుకుని చెప్పుకునే కోడలి వైపు ఆమె మొదటిసారి ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

షారోన్ ఒక్కొక్కరి మొహం చూసింది. తర్వాత చాలా జాగ్రత్తగా అడిగింది.

“అయితే నేను కూర తినొచ్చా?”

బుచ్చమ్మ రాజమణి వైపు చూసింది.

రాజమణి తినడం ఆపి చాలాసేపైంది. కంచంలో సగం అన్నం ఉండగానే చెంబు వంచి అందులోనే చేయి కడిగింది. బుచ్చమ్మ “అయ్యో, అన్నం…” అని ఆగిపోయింది.

రాజమణి అరవలేదు, తిట్టలేదు. చేయి చాచి యశోద ఎడమ మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళు నిజంగానే నిప్పుల్లా ఉన్నాయి.

“మూడుసార్లు పెట్టినవు గద నా బిడ్డ నెత్తి మీద చేయి,” అన్నది. “ఇంకొక్కసారి పెట్టు. అందరి ముంగట పెట్టు.”

యశోద చేతిని లాక్కెళ్ళి కూతురి నుదుటి మీద ఆనించింది.

“ఉన్నట్టుంది, లేనట్టుంది అనకు. ఉన్నదా, లేదా? నువ్వు చెప్పినంకనే బడి సంగతి, దవాఖాన సంగతి.”

షారోన్ ఊపిరి బిగబట్టి, కళ్ళు పైకెత్తి టీచర్ మొహంలోకి చూస్తోంది. నాలుగు జతల కళ్ళు యశోద చేతి మీదే ఉన్నాయి.

అరచేతి కింద వెచ్చగా తగిలింది. అది పిల్ల నుదురో, రాజమణి పట్టుకున్న వేడి ఇంకా మణికట్టు నుంచి దిగుతున్నదో, తన చేయే కాలుతున్నదో యశోదకు తెలియలేదు.